సుద్ద కొండల అడవిలో చెట్లను ఎందుకు నరుకుతున్నారు?

లండన్‌కు పడమరన స్లౌ, రెడింగ్, మెయిడెన్‌హెడ్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చిల్టర్న్ కొండలు దగ్గరే. వారాంతంలో పిల్లలను తీసుకుని ఆ కొండల మీది అడవులకో, ఇంకొంచెం దూరమైనా దక్షిణాన సస్సెక్స్‌లోని సౌత్ డౌన్స్ కొండలకో వెళ్లేవారు చాలామంది ఉన్నారు. అక్కడ దారి మొదట్లో ప్రకృతి రక్షిత ప్రాంతం అని బోర్డు ఉంటుంది. నాలుగడుగులు లోపలికి వేసేసరికి రంపం చప్పుడు వినిపిస్తుంది, దారి పక్కన కోసిన దుంగలు పేర్చి కనిపిస్తాయి, ఒక్కోచోట దారినే మూసేసి ఉంటారు. ‘రక్షించడానికని పెట్టుకున్న అడవిని వీళ్లే ఎందుకు కొట్టేస్తున్నారు?’ అని పిల్లలు అడిగితే చెప్పడానికి పెద్దలకు జవాబు దొరకదు.

ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. దాని మీద బ్రిటన్‌లోని వృక్షశాస్త్రజ్ఞులు, అటవీ ఉద్యోగులు, ప్రకృతి ప్రేమికులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. చెట్లు కొట్టడానికి అక్కడ ఒకే కారణం లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు కారణాలు ఒకే రంపం చప్పుడులో కలిసిపోయి వినిపిస్తాయి. వాటిని విడదీయాలంటే ముందు ఆ కొండలు దేనితో తయారయ్యాయో తెలియాలి.

సుద్ద కొండ అంటే ఏమిటి?

దక్షిణ ఇంగ్లండ్‌లోని చిల్టర్న్స్, నార్త్ డౌన్స్, సౌత్ డౌన్స్ మూడూ సుద్ద కొండలే. మనకు సుద్ద అనగానే బడిలో నల్లబల్ల మీద రాసే ముక్క గుర్తొస్తుంది గానీ, ఇప్పటి సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి. అసలు సుద్ద ఒక రకం సున్నపురాయి. దాదాపు 10 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల క్రితం వరకు ఈ ప్రాంతం వెచ్చని సముద్రం కింద ఉండేది. ఆ నీళ్లలో తేలిన అతి సూక్ష్మమైన నాచు జీవుల ఒంటిమీది సున్నపు పలకలు, మిల్లీమీటరులో కొన్ని వేల వంతులంతే ఉండేవి, అడుగున పేరుకుని గట్టిపడి ఈ తెల్లరాయి అయింది. పల్నాడు సున్నపురాయి, తాండూరు బండ, బెలూం గుహలున్న రాయి ఇంతకంటే ఎన్నో రెట్లు పాతవి, చాలా గట్టివి. ఇంగ్లండ్ సుద్దను గోటితో గీసినా పొడి రాలుతుంది. అందులో అక్కడక్కడ నల్లగా, గాజులా మెరిసే గడ్డలు దొరుకుతాయి. మన తాతలు దూదిపింజతో నిప్పు రాజేసుకున్న చెకుముకి రాయి జాతి రాళ్లే అవి.

అడవి సంగతి అర్థం కావడానికి ఈ రాయి గుణాలు మూడు చాలు. వాన నీరు దీని మీద నిలవదు, వెంటనే లోపలికి ఇంకిపోతుంది. వాలు మీద మట్టి పొర జానెడు కూడా ఉండదు. ఆ కొద్దిపాటి మట్టిలో సున్నం ఎక్కువ, నత్రజని, భాస్వరం తక్కువ. రైతు కళ్లతో చూస్తే ఇది పనికిరాని నేల. అయితే సారం లేకపోవడమే ఇక్కడి మొక్కల వైవిధ్యానికి కారణమైంది. సారవంతమైన నేలలో బలిసిన నాలుగైదు రకాల గడ్డి మిగతావాటిని అణిచేస్తుంది; సారం లేనిచోట ఎవరూ ఎవరినీ అణచలేరు కాబట్టి చిన్నచిన్న మొక్కలన్నీ సర్దుకుని బతుకుతాయి. బాగా ఉన్న సుద్దనేల పచ్చికలో ఒక్క చదరపు మీటరులో 40 రకాల మొక్కల వరకు లెక్కపెట్టవచ్చు.

‘రిజర్వు’ అనే మాటకు అక్కడి అర్థం

తెలుగు పాఠకులకు రిజర్వు అంటే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం లాంటిది మనసులో మెదులుతుంది. అది వేల చదరపు కిలోమీటర్ల అడవి, లోపలికి వెళ్లాలంటే అనుమతి కావాలి. బ్రిటన్‌లో ఈ మాటకు కొలత వేరు. 1949 చట్టం కింద ఏర్పడిన జాతీయ ప్రకృతి రిజర్వులలో కొన్ని మన ఊరి పొలిమేరలో ఇమిడేంత చిన్నవి. వాటిలో చాలావాటికి ఎవరైనా ఉచితంగా నడిచి వెళ్లవచ్చు. చుట్టూ గోధుమ పొలాలు, ఊళ్లు, రహదారులు ఉంటాయి. అంత చిన్న ముక్కలో ప్రకృతిని దాని మానాన వదిలేస్తే ఏమవుతుందన్నదే ఈ వ్యాసంలో అసలు చిక్కు.

మరో మాట ‘ప్రాచీన వనం’. ఇంగ్లండ్‌లో క్రీ.శ. 1600 నుంచి ఎడతెగకుండా అడవిగానే ఉన్న చోటును ఇలా అంటారు. అక్కడి చెట్లు అంత పాతవని దీని అర్థం కాదు. చెట్లు ఎన్నిసార్లు కొట్టినా, నేల మాత్రం దున్నకుండా అడవి నేలగానే మిగిలిందని అర్థం. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

కింగ్లీ వేల్: నీడలో ఏమీ మొలవని అడవి

సస్సెక్స్‌లో చిచెస్టర్ పట్టణానికి ఉత్తరాన ఉన్న కింగ్లీ వేల్ సుమారు 150 హెక్టార్ల రిజర్వు, అంటే దాదాపు 370 ఎకరాలు. 1952లో ఏర్పడింది, ఇంగ్లండ్ తొలి జాతీయ ప్రకృతి రిజర్వులలో ఒకటి. దాని కోసం పాటుపడిన సర్ ఆర్థర్ టాన్‌స్లీ స్మారక శిల కొండ మీద ఉంది. మన విద్యార్థులు ‘ఆవరణ వ్యవస్థ’ అని చదువుకునే భావనకు ఇంగ్లీషులో వాడే ‘ఎకోసిస్టమ్’ అన్న మాటను 1935లో అచ్చులోకి తెచ్చింది ఆయనే. కొండ శిఖరాన కంచు యుగపు సమాధి దిబ్బలు ఉన్నాయి, వాటిని అక్కడివారు ‘దయ్యం మూపురాలు’ అంటారు.

లోయ అడుగుకు చేరితే ఎదురయ్యేది యూ వృక్షాల అడవి. ఐరోపాలో మిగిలిన మంచి యూ అడవుల్లో ఇదొకటని పేరు. యూ సతతహరితం, ఆకులు చిన్న దువ్వెన పళ్లలా రెండు వరుసల్లో ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి లోపలికి అడుగుపెడితే సంధ్యవేళ గుడి మండపంలోకి వచ్చినట్టు ఉంటుంది. కళ్లు అలవాటు పడ్డాక, మెలితిరిగిన ఎర్రటి మాన్లు, నేలకు వంగి మళ్లీ అక్కడే వేళ్లూనిన కొమ్మలు కనిపిస్తాయి. కింద మాత్రం రాలిన ఆకుల గోధుమరంగు పొర తప్ప పచ్చగా ఏదీ ఉండదు. ఆ నీడలో వెలుతురు అంత తక్కువ. విత్తనం మొలిచినా నిలవదు.

యూ చెట్టులో పండు చుట్టూ ఉండే ఎర్రటి మెత్తని గుజ్జు తప్ప ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే. శీతకాలం ముందు స్కాండినేవియా నుంచి వలస వచ్చే రెడ్‌వింగ్, ఫీల్డ్‌ఫేర్ పక్షులు ఆ గుజ్జు కోసం వాలతాయి, గింజను నమలకుండా మింగి మరోచోట విసర్జిస్తాయి. ఈ జాతి యూ ఆకుల నుంచి తీసిన పదార్థమే డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ మందుకు ముడిసరుకు అయింది. ఆ మందును హైదరాబాద్ ఔషధ సంస్థలు కూడా తయారుచేస్తున్నాయి కాబట్టి, ఈ చెట్టు తెలుగు నేలకు మరీ పరాయిది కాదు.

ఈ మాన్ల వయసు ఎంత? రెండు వేల ఏళ్లని కొందరు, ఐదారు వందల ఏళ్లకు మించదని కొందరు అంటారు. ఇంత తేడా ఎందుకొస్తుందో చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక యూ చుట్టుకొలత 5 మీటర్లు అనుకుందాం. అప్పుడు దాని వ్యాసార్ధం దాదాపు 80 సెంటీమీటర్లు, అంటే 800 మిల్లీమీటర్లు. చెట్టు ఏటా సగటున ఒక మిల్లీమీటరు మందాన వలయం వేసిందనుకుంటే వయసు 800 ఏళ్లు. ఒకటిన్నర మిల్లీమీటరు అనుకుంటే 530 ఏళ్లు. సుద్దవాలు మీద ఆకలితో పెరిగి అర మిల్లీమీటరే వేసిందనుకుంటే 1,600 ఏళ్లు. వలయాలు లెక్కపెట్టి తేల్చేద్దామంటే, ముసలి యూ మాను లోపల పుచ్చి బోలుగా ఉంటుంది; పాత వలయాలే మిగలవు. పైగా యూ కొన్ని దశాబ్దాలు దాదాపు పెరగకుండా ఆగి, మళ్లీ పుంజుకోగలదు. అందుకే కచ్చితమైన అంకె చెప్పేవారి మాటను కాస్త ఆచితూచి వినడం మంచిదని నా అభిప్రాయం.

వయసు కంటే ముఖ్యమైన సంగతి, ఈ అడవి ఎలా పుట్టిందన్నది. ఎ.ఎస్. వాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు సౌత్ డౌన్స్ యూ అడవులను పరిశీలించి 1926లో ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబిచ్చింది. గొర్రెలు, కుందేళ్లు మేసే పచ్చికలో యూ మొలక నిలవదు. మేత తగ్గిన కాలంలో ముందు జునిపర్, హాథార్న్ వంటి ముళ్లపొదలు లేస్తాయి. ఆ ముళ్ల చాటున యూ మొలకెత్తి పెరిగి, చివరికి తనను కాపాడిన పొదనే నీడతో చంపేస్తుంది. అంటే మనం అనాది అడవి అనుకుంటున్నది ఒకప్పటి గొర్రెల మేతబయలు. కొండవాలు మీద అడవీ పచ్చికా ఒకదాని చోటు ఒకటి ఆక్రమించుకుంటూ వస్తున్నాయి, మధ్యలో తూకం పట్టుకున్నది మేసే పశువు.

కంచె వేసి కాపాడితే చచ్చిపోయిన సీతాకోకచిలుక

ఈ తూకం చెదిరితే ఏమవుతుందో చెప్పడానికి ‘లార్జ్ బ్లూ’ అనే నీలి సీతాకోకచిలుక కథ కంటే మంచి ఉదాహరణ లేదు. ఇది బ్రిటన్‌లో మేతబయళ్లలో ఉండేది. దాని గొంగళిపురుగు మొదట కొన్నాళ్లు థైమ్ పూలు తిని, తర్వాత నేలమీదికి జారిపడుతుంది. ఒక జాతి ఎర్రచీమ దాన్ని తన పిల్లే అని భ్రమపడి పుట్టలోకి మోసుకుపోతుంది. లోపల పది నెలలపాటు చీమల పిల్లలనే తిని బలిసి, తర్వాతి వేసవిలో సీతాకోకచిలుకగా బయటికొస్తుంది.

ఇది అరుదైపోతోందని, పట్టుకుపోయే సేకర్తల వల్లే తగ్గుతోందని భావించి కొన్నిచోట్ల కంచెలు వేశారు. కంచె సేకర్తలను ఆపింది, గొర్రెలనూ ఆపింది. 1953లో బ్రిటన్‌లోకి వచ్చిన మిక్సోమాటోసిస్ వ్యాధి కుందేళ్లను దాదాపు తుడిచిపెట్టింది. మేసేవి లేక గడ్డి కొద్ది సెంటీమీటర్లు పెరిగింది, అంతే. ఆ గడ్డి నీడకు నేల రెండు మూడు డిగ్రీలు చల్లబడింది. వెచ్చని నేల కావలసిన ఆ ఒక్క ఎర్రచీమ జాతి వెళ్లిపోయింది, దాని చోటికి వేరే జాతి చీమలు వచ్చాయి, వాటి పుట్టల్లో ఈ పురుగులు బతకలేదు. 1979లో లార్జ్ బ్లూ బ్రిటన్ నుంచి అంతరించింది. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త కారణాన్ని తేల్చేసరికి సమయం మించిపోయింది. ఆ తర్వాత మేతను తిరిగి పెట్టి, 1983 నుంచి స్వీడన్ నుంచి తెచ్చిన పురుగులతో దాన్ని మళ్లీ నిలబెట్టారు.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో 1982లో గేదెల మేతను నిషేధిస్తే, నీటిగడ్డి బలిసి చెరువులనే కమ్మేసింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సుదీర్ఘ అధ్యయనం మేతను ఆపడం నష్టమే చేసిందని తేల్చింది. పచ్చికబయలు చెట్లు లేక ఖాళీగా పడున్న బీడు కాదు, దానికదే ఒక సంపూర్ణ ఆవాసం. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడు గడ్డిభూములను అభయారణ్యంగా ప్రకటించడాన్ని చూసిన తెలుగువారికి ఈ మాట కొత్త కాదు.

సుద్దనేల పచ్చికలో దాదాపు 80 శాతం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దున్నకాల వల్ల, ఎరువుల వల్ల, మేత ఆగడం వల్ల పోయిందని అంచనా. కాబట్టి కింగ్లీ వేల్ వంటి చోట పొదలు కొట్టేవారు అడవిని నాశనం చేస్తున్నట్టు కనిపించినా, మిగిలిన పచ్చిక ముక్కను యూ నీడ మింగకుండా ఆపుతున్నారు. ఆగస్టులో ఎండ బాగా కాసిన రోజు ఆ పచ్చికలోకి వస్తే ఈ పని ఫలితం కనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా దున్నని నేలకు గుర్తుగా పసుపు చీమల పుట్టలు మోకాలి ఎత్తున లేచి ఉంటాయి, వాటి నెత్తిన థైమ్ పరుచుకుని ఉంటుంది. చాక్‌హిల్ బ్లూ మగ సీతాకోకచిలుకలు, వెలిసిన ఆకాశం రంగు రెక్కలతో, ఆ పుట్టల మీదుగా నేలకు జానెడెత్తున తిరుగుతుంటాయి. వీటి గొంగళిపురుగులు హార్స్‌షూ వెచ్ అనే ఒకే ఒక పొట్టి మొక్కను తిని బతుకుతాయి, వాటి ఒంటిమీది తీపి స్రావం కోసం చీమలు కాపలా కాస్తాయి. పొద ఆ మొక్కను కప్పేస్తే ఈ గొలుసు మొత్తం తెగిపోతుంది.

కార్శి తోటలాంటి అడవి

పచ్చిక సంగతి సరే, అడవి లోపలే చెట్లు నరకడమెందుకు? దీనికి ‘కాపిస్’ అనే పాత పద్ధతి తెలియాలి. చెరకు రైతుకు కార్శి తోట అంటే వివరించనక్కర్లేదు: నరికిన మోడు నుంచే పిలకలు లేచి మరో పంట అవుతుంది. జామాయిల్, సుబాబుల్ వేసిన రైతులకూ ఇది అనుభవమే. ఇంగ్లండ్ అడవుల్లో హేజెల్, యాష్ వంటి చెట్లను నేలకు దగ్గరగా కొట్టి, మోడు నుంచి లేచిన కర్రలను కొన్నేళ్ల తర్వాత మళ్లీ కొట్టేవారు. కంచెలకు, వంటచెరకుకు, బొగ్గుకు ఆ కర్ర పనికొచ్చేది. వందల ఏళ్లు సాగిన ఈ పని 20వ శతాబ్దంలో బొగ్గు, ఇనుము, ప్లాస్టిక్ రాకతో దాదాపు ఆగిపోయింది.

పది హెక్టార్ల హేజెల్ అడవిని పది భాగాలు చేసి, ఏటా శీతకాలంలో ఒక భాగం కొడతారనుకుందాం. పదో ఏటికి అడవిలో ఒక ఏడాది వయసు నుంచి పదేళ్ల వయసు దాకా పది మెట్లు ఏర్పడతాయి. కొత్తగా కొట్టిన భాగంలోకి ఎండ పడగానే, నేలలో నిద్రపోతున్న విత్తనాలు లేచి ప్రింరోజ్, వయొలెట్ పూలు విరగబూస్తాయి. వాటి మీద ఆధారపడే ఫ్రిటిలరీ సీతాకోకచిలుకలు అక్కడికి చేరతాయి. నాలుగైదేళ్లకు ముళ్లతీగలు అల్లుకుని దట్టమైన పొద అవుతుంది, నైటింగేల్ గూడు కట్టేది అలాంటి చోటే. ఏడెనిమిదేళ్లు దాటాక హేజెల్ కాయలు కాస్తుంది, కొమ్మలు ఒకదానితో ఒకటి కలుస్తాయి, అప్పుడది డార్‌మౌస్‌కు ఇల్లు. పక్క భాగం పక్కనే ఉంది కాబట్టి, ఒకచోట నీడ పెరగగానే ప్రాణులు మరోచోటికి జరుగుతాయి. అదే పదిహెక్టార్లనూ వదిలేస్తే ముప్పై ఏళ్లకు అంతా ఒకే వయసు, ఒకే నీడ. ప్రాచీన వనం అన్న మాటకు అర్థం ఇక్కడ తెలుస్తుంది: చెట్లు ఎన్నిసార్లు కొట్టినా, నేలలోని విత్తనాలు, దుంపలు, శిలీంధ్రాలు మాత్రం ఎడతెగకుండా కొనసాగుతున్నాయి.

డార్‌మౌస్ బొటనవేలంత ఒళ్లు, బొచ్చు తోక ఉన్న బంగారు గోధుమరంగు చిట్టి ప్రాణి. రాత్రిపూట కొమ్మల మీదే తిరుగుతుంది, నేల మీదికి దిగడం తక్కువ, శీతకాలమంతా మాత్రం నేల మీద ఆకుల కింద గూడులో ముడుచుకుని నిద్రపోతుంది. దాన్ని చూడగలగడం అరుదు, దాని జాడ మాత్రం పగలే కనిపిస్తుంది. అడవిలో రాలిన హేజెల్ కాయను తీసి చూస్తే, రెండు చెక్కలుగా పగిలి ఉంటే తిన్నది ఉడుత. గుండ్రటి రంధ్రం ఉండి, దాని లోపలి అంచు మీద అడ్డగాట్లు ఉంటే తిన్నది ఎలుక. లోపలి అంచు సానబట్టినట్టు నున్నగా ఉండి, రంధ్రం చుట్టూ పెంకు పైభాగాన ఏటవాలు పంటిగాట్లు ఉంటే అది డార్‌మౌస్ పని. 1993లో ప్రజలను భాగస్వాములను చేసి దేశమంతటా ఇలాంటి కాయలు ఏరించి డార్‌మౌస్ ఉన్న అడవులను గుర్తించారు. 2000 నుంచి 2022 మధ్య దీని సంఖ్య 70 శాతం పడిపోయిందని పర్యవేక్షణ లెక్కలు చెబుతున్నాయి. అడవులు ముక్కలవడం, వాతావరణం మారడం, పాత పద్ధతి ఆగడం మూడూ కారణాలే.

వెలుతురు కోసం ఎదురుచూసే మొక్కలకు మిలిటరీ ఆర్కిడ్ మరో ఉదాహరణ. దాని పువ్వు శిరస్త్రాణం పెట్టుకున్న బొమ్మ సిపాయిలా ఉంటుంది. బ్రిటన్‌లో అంతరించిందనుకున్న ఈ మొక్కను 1947లో జె.ఇ. లౌస్లీ అనే వృక్షశాస్త్ర ప్రియుడు బకింగ్‌హామ్‌షైర్‌లోని సుద్దనేల అడవిలో మళ్లీ కనుగొన్నాడు. మార్లో పట్టణం దగ్గరి హోమ్‌ఫీల్డ్ వుడ్‌లో చుట్టూ కమ్మిన నీడను తగ్గించి, మేతను అడ్డుకున్న తర్వాత ఇప్పుడు మే, జూన్‌లలో వెళ్లినవారికి అది పూస్తూ కనిపిస్తోంది.

ముట్టుకోకుండా వదిలేయమనేవారి వాదన

ఇదంతా చదివాక నరకడమే మంచిదన్న అభిప్రాయానికి వచ్చేయడం తొందరపాటవుతుంది. వదిలేయమనేవారి వాదనలో చాలా బలం ఉంది. పుచ్చిన కొమ్మలో, కూలిన మానులో బతికే పేడపురుగుల బంధువులు, శిలీంధ్రాలు, పాత బెరడు మీది లైకెన్లు, చెట్టు తొర్రలో పిల్లలను పెట్టే గబ్బిలాలు కాపిస్ అడవిలో బతకలేవు. వాటికి వందల ఏళ్లు కదలని చెట్టు కావాలి. కాపిస్ పని శీతకాలంలోనే జరుగుతుంది, అదే సమయంలో డార్‌మౌస్ నేల మీద నిద్రపోతుంటుంది కాబట్టి, బరువైన యంత్రం దిగితే ఎవరి కోసం పని చేస్తున్నారో ఆ ప్రాణే నలిగిపోవచ్చు.

1987 అక్టోబరు 15 రాత్రి వీచిన గాలివాన దీనికి పెద్ద పాఠం అయింది. ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఒక్క రాత్రిలో కోటిన్నర చెట్లు కూలాయని అంచనా. సుద్ద కొండల మీద బీచ్ చెట్లు (ఇది సముద్రతీరం కాదు, నున్నటి బూడిదరంగు మాను గల చెట్టు పేరు) మట్టి పొర పలచన కావడంతో లోతుగా వేళ్లూనలేక, వేళ్లతో సహా పెళ్లగిలి తెల్లటి సుద్ద గుంతలు మిగిల్చాయి. చాలాచోట్ల హడావుడిగా దుంగలు లాగేసి కొత్త మొక్కలు నాటారు. కొన్నిచోట్ల ఏమీ చేయకుండా వదిలేశారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే, వదిలేసిన చోట బిర్చ్, యాష్, బీచ్ వాటంతటవే దట్టంగా లేచాయి. శుభ్రం చేసిన చోట యంత్రాలు నేలను అణిచేసి నష్టం చేశాయి. అప్పటి నుంచి అటవీ ఉద్యోగులు గాలివానను చూసే తీరే మారింది.

మరోవైపు, వైయ్ లోయలో సున్నపురాతి నేల మీది లేడీ పార్క్ వుడ్‌ను 1944 నుంచి ఉద్దేశపూర్వకంగా ముట్టుకోకుండా వదిలి గమనిస్తున్నారు. అది నిశ్చలంగా ముసలిదవుతుందనుకున్నారు. 1976 కరువు వచ్చి పెద్ద బీచ్‌లను దెబ్బతీసింది, ఎల్మ్ చెట్లను తెగులు చంపింది, జింకలు మొలకలను తినేశాయి. వదిలేసిన అడవి కూడా మనుషుల ప్రపంచం మధ్యే ఉంది కాబట్టి, బయటి నుంచి వచ్చే తెగుళ్లు, వాతావరణ మార్పు దాని గడప దాటి వస్తూనే ఉంటాయి.

మూడో వాదన డచ్ శాస్త్రవేత్త ఫ్రాన్స్ వేరాది. మనిషి రాకముందు ఐరోపా అంతా చిమ్మచీకటి అడవి కాదని, అడవి ఎద్దులు, గుర్రాలు, జింకలు మేస్తూ తోటలాగా చెట్లూ పచ్చికా కలిసిన భూమిగా ఉంచాయని ఆయన అంటారు. పాత బురదల్లోని పుప్పొడిని పరిశీలించేవారిలో చాలామంది దీన్ని పూర్తిగా ఒప్పుకోరు. ఆ పుప్పొడి ఎక్కువ నీడ ఉన్న అడవినే చూపుతోందంటారు. సస్సెక్స్‌లోనే నెప్ ఎస్టేట్‌లో, సుద్ద కాకుండా బంకమట్టి నేల మీద, 2001 నుంచి పశువులను స్వేచ్ఛగా వదిలి ఈ ఆలోచనను ప్రయత్నిస్తున్నారు, అక్కడ నైటింగేళ్లు పెరిగాయి. అది 3,500 ఎకరాలు. అందులో పదో వంతే ఉన్న కింగ్లీ వేల్‌లో పశువులే అంతా సర్దుకుంటాయని చెప్పలేం. నా దృష్టిలో వివాదం అసలు ముడి ఇక్కడే ఉంది: విస్తీర్ణం పెద్దదైతే గాలివాన, పశువు, తెగులు కలిసి చేసే పనిని, విస్తీర్ణం చిన్నదైతే మనిషి రంపంతో చేయవలసి వస్తోంది. అందుకే ఇప్పుడు చాలా రిజర్వుల ప్రణాళికల్లో ఒక మూల కాపిస్, ఒక మూల మేత, ఒక మూల ముట్టుకోని అడవి పక్కపక్కన కనిపిస్తాయి. ముసలి యూలను ఎవరూ ముట్టుకోరు.

జింకలు, పెంపుడు కుక్కలు

రెండు చిన్న సంగతులు ఇక్కడే చెప్పాలి. తోడేళ్లు అంతరించిన బ్రిటన్‌లో జింకల సంఖ్య 20 లక్షల దాకా ఉండవచ్చని ప్రభుత్వం వాడే అంచనా. కాపిస్ మోడు చిగుర్లు వాటికి ఇష్టం. అందుకే కొట్టిన భాగం చుట్టూ కంచెలు, కొమ్మల దడులు కనిపిస్తాయి. కంచె లేకుండా కొడితే మోడే చచ్చిపోతుంది.

కుక్కలను తాడు విప్పకుండా నడిపించమనే బోర్డులు పక్షుల కోసమే అనుకుంటారు, కొంతవరకు నిజమే. ఇంకో కారణమూ ఉంది. బెల్జియంలోని గెంట్ నగరం దగ్గరి రిజర్వులలో లెక్కించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్కల మలమూత్రాల వల్ల ఏటా హెక్టారుకు సుమారు 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం నేలకు చేరుతున్నాయని తేలింది. పొలానికి అది మేలే. సారం లేకపోవడం మీదే బతుకుతున్న సుద్దనేల పూలకు మాత్రం ముప్పు.

యాష్ చెట్ల తెగులు: ఇప్పటి రంపం చప్పుడుకు అసలు కారణం

ఇప్పుడు దారులు మూసి చెట్లు కొడుతున్నవారిలో ఎక్కువమంది పైన చెప్పిన ఏ పనీ చేయడం లేదు. వారు చచ్చిపోతున్న యాష్ చెట్లను పడగొడుతున్నారు. సుద్దనేల అడవుల్లో బీచ్‌తో పాటు ఎక్కువగా పెరిగే చెట్టు ఇదే. తూర్పు ఆసియా నుంచి ఐరోపాకు చేరిన ఒక శిలీంధ్రం దీన్ని ఎండబెడుతోంది. బ్రిటన్‌లో 2012లో తొలిసారి గుర్తించారు. ముందటేడు రాలిన ఆకుల కాడల మీద వేసవిలో గుండుసూది తలంత తెల్లటి పుట్టగొడుగులు లేస్తాయి, వాటి రేణువులు గాలికి కొత్త ఆకుల మీద పడతాయి. ఆకు వాడి నల్లబడుతుంది, తెగులు కొమ్మలోకి దిగి, కొమ్మ మొదట్లో వజ్రం ఆకారపు మచ్చ వేస్తుంది. చివరికి చెట్టు తల బోడిగా, వేళ్లు చాచిన చేతుల్లా మిగులుతుంది.

చచ్చిన చెట్టు పురుగులకు మంచిదే అన్నాం కదా, దీన్నెందుకు కొట్టడం? ఈ తెగులు తగిలిన యాష్ కొయ్య చాలా పెళుసవుతుంది, ఎప్పుడు ఏ కొమ్మ విరిగి పడుతుందో చెప్పలేం. చెట్టెక్కి కొమ్మలు కోసే పనివారు కూడా ఎక్కడానికి నిరాకరిస్తారు, అందుకే యంత్రాలు దిగుతాయి. దారికి దగ్గరలో ఉన్నవాటిని కొట్టడం నడిచేవారి ప్రాణాల కోసం, లోపల ఉన్నవాటిని చాలా రిజర్వులు నిలబెట్టే ఉంచుతాయి. దాదాపు 950 జాతుల జీవులు యాష్‌ను ఏదో ఒక విధంగా వాడుకుంటాయి కాబట్టి, అది పోతే నష్టం ఒక్క చెట్టుతో ఆగదు. బ్రిటన్‌కు దీనివల్ల కలిగే ఖర్చు 1,500 కోట్ల పౌండ్లని 2019లో ఒక పరిశోధన అంచనా కట్టింది.

దేశంలోని యాష్ చెట్లలో 80 శాతం దాకా పోవచ్చని భయపడుతున్నారు. అన్నీ పోవన్నది కూడా తెలుస్తోంది. లండన్‌కు దక్షిణాన, సర్రే కౌంటీలోని సుద్ద కొండల మీద ఉన్న మార్డెన్ పార్క్ అడవిలో, తెగులు రాకముందు పెరిగిన పెద్ద యాష్ చెట్ల డీఎన్‌ఏను, తెగులు మధ్యలో మొలిచిన చిన్న చెట్ల డీఎన్‌ఏతో పోల్చి, క్యూ ఉద్యానవనం, లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2025 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. తెగులును తట్టుకునే గుణం చిన్న చెట్లలో కొంత ఎక్కువగా ఉంది. ఆ గుణం ఏదో ఒక్క జన్యువులో లేదు, డీఎన్‌ఏలో వేల చోట్ల చిన్నచిన్న తేడాలుగా పరుచుకుని ఉంది. బలహీనమైన మొలకలు చచ్చిపోతుంటే, తట్టుకున్నవి మిగులుతున్నాయి. డార్విన్ చెప్పిన సహజ ఎంపిక ఒక్క తరం తేడాలో కళ్ల ముందు జరుగుతోందన్నమాట. ఇదొక్కటే సరిపోతుందని ఆ శాస్త్రవేత్తలు అనడం లేదు. మంచి మొక్కలను ఎంచి పెంచడం, చిన్న మొక్కలను మేత నుంచి కాపాడడం కూడా అవసరమవుతాయని వారు హెచ్చరించారు.

ఈ ఫలితంతో రంపం పట్టినవారి పని మరింత సున్నితమైంది. తెగులు వచ్చిందన్న భయంతో అడవిలోని యాష్‌లన్నిటినీ ఒక్కసారిగా కొట్టేస్తే, తట్టుకునే గింజలను రాల్చే తల్లిచెట్లు కూడా పోతాయి. దారి పక్కవాటిని వదిలేస్తే నడిచేవారికి ప్రమాదం. అందుకే ఒక వేసవి మధ్యలో చెట్టు తలలో ఎంత ఆకు మిగిలిందో చూసి, తర్వాతి వేసవి మళ్లీ చూసి, ఒక్కో చెట్టు దగ్గర ఒక్కో నిర్ణయం తీసుకుంటున్నారు. పడిన చెట్టు చోట ఆకాశం తెరుచుకుని, సుద్దమట్టి మీద వెలుతురు పడుతుంది. ఏడాది తిరిగేసరికి అక్కడ వయొలెట్ల మధ్య యాష్ మొలకలు వేలెడంత ఎత్తున గుంపుగా లేస్తాయి, వాటి చుట్టూ జింకలు రాకుండా ఎవరో కోసిన కొమ్మలతోనే దడి కట్టి ఉంటుంది.